వెనక్కి తిరిగే చోటు ముందే రాసుకోండి

వెనకడుగు వేసినవాణ్ణి మనం మెచ్చుకోం. బడి గోడల మీద, కోచింగ్ సెంటర్ల క్యాలెండర్ల మీద, పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చిపడే సూక్తుల్లో మనకి దొరికేది ఒకటే మాట: పట్టు పట్టావా, విడవకు. పట్టుదల గొప్పదే, కాదనను. కానీ ఎక్కడ ఆగాలో చెప్పకుండా పట్టుదల ఒక్కటే నూరిపోస్తే ఏమవుతుందో మన ఇళ్ళల్లోనే చూస్తున్నాం. అప్పు తెచ్చి వ్యాపారం పెట్టినవాడు నష్టం కళ్ళకి కనబడుతున్నా ఇంకో అప్పు తెస్తాడు. పోటీ పరీక్షలకని హాస్టల్ గదిలో చేరిన కుర్రాడు ఏళ్ళు గడిచినా అదే గదిలో అవే పుస్తకాలు తిరగేస్తుంటాడు. ఇద్దరూ తెలివైనవాళ్ళే. ఎందాకా వెళ్ళాలి, ఎక్కడ తిరిగి రావాలి అన్నది బయల్దేరే ముందు వాళ్ళని ఎవరూ అడగలేదు. మధ్యలో అడిగితే అవమానంగా ఉంటుంది.

ఈ ప్రశ్నని ఒక కాగితం మీద, నిలువు గళ్ళల్లో రాసి ఉండగా చూశాను. రాసినవాడు మా అక్క కొడుకు. అడిలైడ్‌లో ఉద్యోగం చేస్తాడు. అమ్మానాన్నలు వచ్చారు, మామయ్య కూడా వచ్చాడు కదా అని, అందరినీ కారులో ఆస్ట్రేలియా లోపలికి, ఆలిస్ స్ప్రింగ్స్, ఉలురు దాకా తీసుకెళ్తానన్నాడు. ఆలిస్ స్ప్రింగ్స్‌కే దాదాపు 1,500 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్ళినంత దూరం. మనకి ఆ దారిలో నాగపూర్ వస్తుంది, ఝాన్సీ వస్తుంది, అడుగడుగునా దాబాలు, పంక్చర్ షాపులు. ఇక్కడ పోర్ట్ అగస్టా దాటాక ఊళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. గ్లెండాంబో నుంచి కూబర్ పీడీ వరకు సుమారు 250 కిలోమీటర్లు మధ్యలో పెట్రోలు బంకు లేదు. ఊళ్ళ దగ్గర తప్ప సెల్‌ఫోన్ పలకదు. రోడ్డు మాత్రం తారు రోడ్డే, ఉత్తరాన డార్విన్ దాకా అద్దంలా ఉంటుంది. అదే మోసం. రోడ్డు బాగుంటే ప్రయాణం సులువనుకుంటాం.

భోజనాల బల్ల మీద పరిచిన ఆ కాగితంలో మొదటి గడిలో ఊరి పేరు, రెండో దానిలో అక్కడికి దూరం, మూడో దానిలో పెట్రోలు, నాలుగో దానిలో నీళ్ళు. ఇవి ఎవరైనా రాసుకుంటారు. ఐదో గడి మీద 'వెనక్కి' అని ఉంది. పింబా అనే ఊరి పేరు ఎదురుగా ఆ గడిలో ఇలా రాశాడు: 'మధ్యాహ్నం ఒంటిగంట దాటితే ఇక్కడే ఆగాలి. కూబర్ పీడీ రేపు.' ఎందుకురా అంటే, "చలికాలం మామయ్యా, ఆరులోపే చీకటి పడుతుంది. సందెవేళ కంగారూలు రోడ్డు మీదకొస్తాయి. ఆ వేగంలో ఒక్కటి తగిలినా కారు పనికిరాదు" అన్నాడు. మరో చోట: 'టాంకు సగానికి దిగితే, ఏ బంకు కనబడినా నింపాలి. ధర చూడొద్దు.' ఇంకో చోట: 'మట్టి రోడ్డు, వాన పడితే వెళ్ళొద్దు. అడగొద్దు, బతిమాలొద్దు.' ఈ చివరిది వాళ్ళ నాన్నని ఉద్దేశించి రాసిందని అందరికీ తెలుసు.

ఆ ఐదో గడి లేని ప్రణాళిక ఏమవుతుందో ఆ దేశ చరిత్రలోనే ఉంది. అక్కడ బడిపిల్లలకి కూడా తెలిసిన కథ ఇది, మనవాళ్ళకి పెద్దగా తెలియదు.

1860 ఆగస్టు 20న మెల్‌బోర్న్ నుంచి ఒక యాత్ర బయల్దేరింది. నాయకుడు రాబర్ట్ ఓహారా బర్క్, పోలీసు అధికారి. ధైర్యవంతుడే, కానీ అంతకుముందు ఎడారి ముఖం చూసినవాడు కాదు. ఖండాన్ని దక్షిణం నుంచి ఉత్తరం దాకా దాటడం లక్ష్యం. 19 మంది మనుషులు, రెండు డజన్లకి పైగా ఒంటెలు, గుర్రాలు, బండ్లు, సుమారు 20 టన్నుల సామాను. అందులో బరువైన భోజనాల బల్ల, కుర్చీలు కూడా ఉన్నాయి. రెండేళ్ళకి సరిపడా తిండి ఉంది. ప్రణాళిక లేదని ఎవరూ అనలేరు. సామాను ప్రణాళిక బ్రహ్మాండంగా ఉంది. తిరుగు ప్రణాళికే లేదు.

కూపర్ క్రీక్ అనే వాగు దగ్గర మకాం వేసి, అక్కణ్ణుంచి డిసెంబరు 16న బర్క్, విల్స్, కింగ్, గ్రే అనే నలుగురూ ఉత్తరానికి వెళ్ళారు. మకాం దగ్గర కొందర్ని ఉంచి, వాళ్ళ పెద్ద బ్రాహేతో మూడు నెలలు చూడమన్నారు. ఎండలు మండే రోజులు. మార్గమధ్యంలో సగం తిండి అయిపోయినా వాళ్ళు వెనక్కి తిరగలేదు. ఫిబ్రవరిలో ఉత్తర తీరం దగ్గరికైతే చేరారు. మడచెట్ల బురద అడ్డొచ్చి సముద్రం కంటపడనే లేదు. తిరుగు దారిలో తిండి చాలక ఒంటెల్ని, గుర్రాన్ని కోసుకు తిన్నారు. ఏప్రిల్ 17న గ్రే చనిపోయాడు. అతన్ని పాతిపెట్టడానికి ఒక రోజు పట్టింది.

ఏప్రిల్ 21 సాయంత్రం మిగిలిన ముగ్గురూ మకాం చేరారు. మకాం ఖాళీ. బ్రాహే మూడు నెలలకి బదులు నాలుగు నెలలకి పైగా చూసి, జబ్బుపడిన మనిషిని వెంటపెట్టుకుని, ఆ ఉదయమే వెళ్ళిపోయాడు. చెట్టు మీద 'ఇక్కడ తవ్వండి' అని చెక్కి, కింద కొంత తిండి, ఉత్తరం పాతిపెట్టి వెళ్ళాడు.

తర్వాత జరిగినది ఎవరైనా కాస్త నిదానంగా చదవాలి. ముగ్గురూ తవ్వి తిండి తీసుకున్నారు. తాము వచ్చినట్టు, ఎటు వెళ్తున్నదీ రాసి అదే గోతిలో పాతిపెట్టారు. గొయ్యి పూడ్చి, నేల చదును చేశారు. చెట్టు మీది అక్షరాల్ని మాత్రం మార్చలేదు. మే 8న బ్రాహే మనసు ఒప్పక తిరిగొచ్చి చూశాడు. చెట్టు అలాగే ఉంది, నేల అలాగే ఉంది. ఎవరూ రాలేదనుకుని వెళ్ళిపోయాడు. చెట్టు బెరడు మీద ఒక్క కొత్త గీత పడి ఉంటే కథ వేరుగా ఉండేదేమో.

ఇందులో నన్ను ఇంకా బాధపెట్టే సంగతి మరొకటి ఉంది. ఆ వాగు పక్కన యాండ్రువాండా జాతివాళ్ళు తరతరాలుగా బతుకుతున్నారు. ఈ ముగ్గురికీ చేపలిచ్చారు, నార్డూ అనే నీటిమొక్క గింజల్లాంటి కాయలతో చేసిన రొట్టెలిచ్చారు. బర్క్ వాళ్ళని నమ్మలేదు, ఒకసారి బెదిరించడానికి తుపాకీ పేల్చాడు. వాళ్ళు నార్డూని ఎలా శుద్ధి చేసి తింటారో పూర్తిగా నేర్చుకోకుండా వీళ్ళు సొంతంగా దంచుకుని తిన్నారు. సరిగా శుద్ధి చెయ్యని నార్డూ ఒంట్లోని బి1 విటమిన్‌ని నాశనం చేస్తుంది. కడుపునిండా తింటూనే చిక్కిపోవడానికి అదే కారణమై ఉంటుందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. బర్క్, విల్స్ ఇద్దరూ జూన్ చివర్లో, అటూ ఇటుగా, చనిపోయారు. కింగ్ యాండ్రువాండా వాళ్ళ దగ్గరికి వెళ్ళి చేరాడు. వాళ్ళు సాకారు. సెప్టెంబరులో వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకి అతనొక్కడే ప్రాణాలతో దొరికాడు.

ఆ రోజుల్లోనే, అదే పనికి, ఇంకో మనిషి కూడా ప్రయత్నిస్తున్నాడు. జాన్ మెక్‌డూవల్ స్టూవర్ట్. స్కాట్లండ్ నుంచి వచ్చిన బక్కపలచని మనిషి. బర్క్ లాగా జాతర లేదు, కొద్దిమంది మనుషులు, గుర్రాలు. ముందు ఒకరిద్దరు వెళ్ళి నీళ్ళు ఎక్కడున్నాయో చూసి వస్తే తప్ప మిగతావాళ్ళని కదలనిచ్చేవాడు కాదు. 1860లో ఖండం నడిమధ్య దాకా వెళ్ళి, ఇంకా పైకి పోయి, నీళ్ళు తగ్గి, మనుషులు నీరసించి, తమ నేల మీదకి వచ్చిన కొత్తవాళ్ళని వారుముంగు జాతివాళ్ళు అడ్డుకోగా వెనక్కి తిరిగాడు. 1861లో మళ్ళీ వెళ్ళాడు. ఇంకొంచెం పైకి వెళ్ళి, దట్టమైన ముళ్ళపొదలు దాటలేక మళ్ళీ వెనక్కి తిరిగాడు. ఆ రెండుసార్లూ ఊళ్ళో ఏమనుకుని ఉంటారో మనం ఊహించుకోవచ్చు. 1862 జూలై 24న ఉత్తర సముద్రం చేరాడు. తిరిగొచ్చేటప్పుడు చూపు మందగించింది, నిలబడలేకపోయాడు, రెండు గుర్రాల మధ్య కట్టిన మంచం మీద మోసుకొచ్చారు. కానీ తన యాత్రల్లో ఒక్క మనిషిని పోగొట్టుకోలేదు.

1863 జనవరి 21న స్టూవర్ట్‌కి అడిలైడ్ వీధుల్లో ఊరేగింపు జరిగింది. అదే రోజు మెల్‌బోర్న్‌లో బర్క్, విల్స్‌లకి అంత్యక్రియలు జరిగాయి.

మేం వెళ్ళిన రోడ్డు పేరు స్టూవర్ట్ హైవే. అతను నడిచిన దారినే సుమారుగా అనుసరించి 1872లో టెలిగ్రాఫ్ తీగ వేశారు, దాని వెంట ఊళ్ళు పుట్టాయి, తర్వాత రోడ్డు వచ్చింది. రెండుసార్లు వెనక్కి తిరిగినవాడి పేరు ఆ రోడ్డుకి ఉంది.

రెండు యాత్రల్లోనూ ధైర్యం ఉంది, కష్టం ఉంది. నాకు కనిపించిన తేడా ఇది: స్టూవర్ట్ ప్రతి మజిలీలోనూ ఇంకా ఎంత నీళ్ళున్నాయి, ఇంటికి చేరడానికి ఎంత కావాలి అని లెక్క చూసుకున్నాడు. ఇంటికి చేరడానికి కావలసినంతే మిగిలిన రోజున, ఎంత దగ్గరగా వచ్చినా సరే, తిరిగాడు. అలా తిరిగినవాడికి ఇంకోసారి వెళ్ళే అవకాశం ఉంటుంది. పోయిన చోటు, నీళ్ళున్న చోటు, నీళ్ళు లేని చోటు అన్నీ రాసుకొచ్చాడు కాబట్టి రెండోసారి మొదటిదానికన్నా ముందుకు వెళ్ళగలిగాడు, మూడోసారి రెండోదానికన్నా. మనం ఓటమి అని పేరుపెట్టి దాచిపెట్టుకునేవాటిని అతను మ్యాపులుగా మార్చుకున్నాడు.

మా ప్రయాణంలో ఐదో గడికి పరీక్ష కూబర్ పీడీలో వచ్చింది. 1915లో అక్కడ ఒపల్ రాళ్ళు దొరికాయి. ఎండ తట్టుకోలేక జనంలో చాలామంది నేలలో తొలిచిన ఇళ్ళల్లో ఉంటారు. ఊరి బయట వేల గోతులు, మూత లేనివి, ఉన్నాయి. పరిగెత్తవద్దు, వెనక్కి నడవవద్దు అని బోర్డులు పెట్టారు. ఫోటో తీసుకుంటూ వెనక్కి అడుగులేసేవాళ్ళ కోసం ఆ బోర్డు. అక్కణ్ణుంచి విలియం క్రీక్ వెళ్ళి, చిన్న విమానంలో ఐర్ సరస్సు మీదుగా తిరగాలని మా బావ కోరిక. ఇంటర్నెట్లో ఫోటోలు చూసి, మనవళ్ళకి చూపిస్తానని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాడు. ఆ దారి 160 కిలోమీటర్లకి పైగా మట్టి రోడ్డు. ముందు రాత్రి వాన పడింది. ఎడారిలో వానేమిటి అనుకోవద్దు. 2022 జనవరిలో వానలకి స్టూవర్ట్ హైవేనే కొన్ని రోజులు మూసేశారు, రైలు కట్ట కొట్టుకుపోయింది. ఉదయం రోడ్డు మొదట్లో మూసేసినట్టు బోర్డు ఉంది. మూసిన రోడ్డు మీద వెళ్తే జరిమానా వేస్తారు. జరిమానా సంగతి పక్కన పెట్టండి, ఆ ఎర్ర బంకమట్టిలో కూరుకుంటే లాగడానికి వచ్చేవాడు లేడు.

బావ కారు దిగి కొంతసేపు బోర్డు వైపు చూశాడు. అక్కడ ఒక జీపు టైరు గుర్తులు లోపలికి వెళ్ళి ఉన్నాయి. "వాళ్ళు వెళ్ళారుగా" అన్నాడు. మా వాడు ఏమీ అనలేదు. డాష్‌బోర్డు మీది కాగితం తీసి తండ్రి చేతిలో పెట్టాడు. బావ చదువుకుని, "సరే పద" అన్నాడు. అలిగి కూర్చోలేదు, దారంతా సణగలేదు. ఆ నిర్ణయం అప్పటికప్పుడు కొడుకు తండ్రి మీద రుద్దింది అయితే రోజంతా పాడయ్యేది. అది భోజనాల బల్ల దగ్గర, కడుపు నిండి, మనసు కుదురుగా ఉన్నప్పుడు అందరూ కలిసి చేసుకున్నది. అలసట, ఆశ, పక్కవాడి టైరు గుర్తులు కళ్ళముందున్నప్పుడు మంచి నిర్ణయం రాదు. ముందే తీసుకున్న నిర్ణయాన్ని అప్పుడు చదువుకుంటే చాలు.

ప్రణాళికలో ఇంకో కష్టం ఉంది, అది మన తెలుగు ఇళ్ళల్లో మరీ ఎక్కువ. బాధ ఉన్నా చెప్పని మనుషులు. మా అక్కకి మోకాళ్ళ నొప్పులు. మూడు గంటలు కారులో కూర్చుంటే కాలు చాపలేదు. "ఆగుదామా అమ్మా?" అంటే "నాకేం పర్లేదు నాన్నా, నువ్వు పోనీ" అంటుంది. పోనిస్తే రాత్రికి మంచం దిగలేదు. అందుకే మా వాడు అడగడం మానేశాడు. రెండు గంటలకోసారి ఆగాలి, ఎవరికి అవసరమున్నా లేకపోయినా. అప్పుడు అక్క కూడా దిగి నాలుగడుగులు వేసేది, ఎవరి కోసమో ఆగారన్న మొహమాటం లేకుండా. ఆఫీసులో జట్టుని నడిపేవాళ్ళు, ఇల్లు నడిపేవాళ్ళు ఇది గమనించాలి. నోరు తెరిచి చెప్పినవాళ్ళ అవసరాలే చూసుకునే ప్రణాళిక, చెప్పనివాళ్ళ ఒంటి మీద నడుస్తుంది.

ఉలురు దగ్గర మా బావకి ఇంకో కోరిక, కొండ ఎక్కాలని. ఆ ఎర్ర కొండ అక్కడి అనంగు జాతివాళ్ళకి పవిత్రం. వాళ్ళు ఎన్నో ఏళ్ళు ఎక్కవద్దని అడిగాక 2019 అక్టోబరు నుంచి ఎక్కడం నిషేధించారు. కాగితంలో అదీ ఉంది: 'కింద చుట్టూ నడవాలి. పైకి లేదు.' మన ఊళ్ళో అమ్మవారి గుడి గోపురం మీదకి ఎవరైనా ఎక్కుతానంటే ఎలా ఉంటుంది అని అక్క అంది, అంతే, బావ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ దారిన వెళ్ళేవాళ్ళకి కొన్ని మాటలు: మనిషికి రోజుకి పది లీటర్ల చొప్పున తీసుకెళ్ళమని అక్కడ చాలామంది సలహా ఇస్తారు. కారు ఆగిపోతే కారు వదిలి నడవకూడదు. పైనుంచి వెతికేవాళ్ళకి మనిషికన్నా కారు తొందరగా కనబడుతుంది. మెల్‌బోర్న్ నుంచి వచ్చే మనవాళ్ళు దక్షిణ ఆస్ట్రేలియా సరిహద్దు దగ్గర పళ్ళు, టమాటాలు పారెయ్యాల్సి వస్తుంది, పండు ఈగ తెగులు రాకుండా తనిఖీ ఉంటుంది. పులిహోర, ఆవకాయ బాగా పనికొస్తాయి. ఇక బంకుల గురించి, మ్యాపులో ఉందని నమ్మకుండా ముందు రోజు ఫోన్ చేసి తెరిచి ఉందో లేదో కనుక్కోండి. రోడ్డు పక్క హోటల్లో కాఫీ ఇచ్చే మనిషిని, ముందున్న రోడ్డు ఎలా ఉందని అడగండి. పశువులు ఎక్కడ రోడ్డెక్కుతున్నాయో, ఎక్కడ ఇసుక ఎగిసిపడుతోందో ఫోన్‌లో మ్యాపుకన్నా అక్కడివాళ్ళకి బాగా తెలుసు. అక్కడివాళ్ళని అడిగి నేర్చుకోవడం, బర్క్ చెయ్యని పని అదే.

బర్క్ చెయ్యని ఇంకో పని, చెట్టు మీది గీత. మా వాడు కాగితానికి నకలు తీసి అడిలైడ్‌లో తనతో పనిచేసే స్నేహితుడికి ఇచ్చాడు. 'రాత్రి తొమ్మిది లోపు ఫోన్ రాకపోతే ఈ నంబర్‌కి చెయ్యి' అని పోలీసు స్టేషన్ నంబర్ రాసిచ్చాడు. విలియం క్రీక్ వెళ్ళకూడదని తేలాక, కారు తిప్పుతూనే మొదట ఆ స్నేహితుడికే ఫోన్ చేశాడు. అక్కడ ఇంకా సిగ్నల్ ఉంది. వెళ్ళడం మానుకున్నవాడు కూడా ఆ సంగతి చెప్పాలా అని బావ అడిగాడు. మార్చుకున్న ప్రణాళిక ఎవరికీ చెప్పకపోతే, మన కోసం చూసేవాళ్ళు పాత చోటే చూస్తారు.

తిరిగొచ్చాక ఇదే పద్ధతిని మాకు బాగా తెలిసిన ఒక కుర్రాడికి చెప్పాను. గ్రూప్స్‌కి చదువుతున్నాడు. మొదట ముఖం చిన్నబుచ్చుకున్నాడు, నా మీద నమ్మకం లేదా అన్నట్టు. ఉత్తరానికి మూడుసార్లు వెళ్ళిన మనిషి కథ చెప్పాను. మర్నాడు తనే కాగితం తెచ్చాడు. ఏ నోటిఫికేషన్‌కి ఎంతవరకు చదవాలి, ప్రిలిమ్స్‌లో ఎన్ని మార్కులొస్తే కొనసాగాలి, ఏ నెల దాటితే పార్ట్‌టైమ్ ఉద్యోగం వెతుక్కోవాలి, ఏ తేదీ దాటితే పూర్తిగా మానుకుని డిగ్రీతో దొరికే పనిలో చేరాలి, అప్పటిదాకా నేర్చుకున్నది ఏ పరీక్షకి పనికొస్తుంది, అన్నీ రాశాడు. ఐదో గడి రాస్తుంటే చెయ్యి వణికిందని చెప్పాడు. అది రాశాక చదువు మీద కూర్చోవడం తేలికైందని కూడా చెప్పాడు. రోజూ రాత్రి పడుకోబోయే ముందు ఇంకా ఎన్నాళ్ళు అని తనని తాను తినేసుకోవడం తగ్గిందట.

ఆ కాగితం నకలు ఎవరి దగ్గర ఉండాలి అన్నదాని మీద కాసేపు తర్జనభర్జన అయింది. నాన్న దగ్గర వద్దన్నాడు. ఆ తేదీ వచ్చినప్పుడు నాన్న అడిగితే గొడవ అవుతుంది, అమ్మ అడిగితే ఏడుస్తుంది, అడగకపోతే ఇద్దరూ లోలోపల కుమిలిపోతారు. చివరికి వాళ్ళ బాబాయి పేరు రాశాడు. ఆయన నిజామాబాద్‌లో లారీ ట్రాన్స్‌పోర్ట్ చూసుకుంటాడు, తక్కువ మాట్లాడతాడు, అనుకున్న రోజుకి ఫోన్ చేసే మనిషి.